పద్నాలుగున్నరేళ్ళు

"ఆటోని పంపించీయండి. నాను రాను."

గోడ వైపు తిరిగి పడుకునే అన్నాడు చిన్నారావు. తెల్లారి అప్పటికే చాలాసేపయింది. వాకిట్లో బాబ్జీ ఆటో ఇంజను ఆపకుండా నిలబెట్టాడు. వెనక సీట్లో నూకరత్నం చీర కొంగు తలమీదుగా కప్పుకుని కూర్చుంది. సోమ, బుధ, శుక్రవారాల్లో లింగాలపుట్టుగ నుంచి పలాస ఆసుపత్రికి డయాలసిస్‌కి వెళ్ళేది వాళ్ళిద్దరే. మొన్న మాఘం దాకా నలుగురు వెళ్ళేవారు.

"తమ్ముడూ, లేచి రా రా! ఆలిస్యమైతే మన కుర్చీలు రెండో బేచీకి ఇచ్చేత్తారు," ఆటోలోంచి పిలిచింది నూకరత్నం.

చిన్నారావు కదల్లేదు.

యామిని గుమ్మంలో నిలబడి తండ్రి కాళ్ళు చూస్తోంది. పాదాలు ఉబ్బి, వేళ్ళ మధ్య సందులు కూడా పూడిపోయాయి. శుక్రవారం తర్వాత నీరు తీయలేదు. రాత్రంతా గోడకి చేరబడి కూర్చునే ఉన్నాడు, పడుకుంటే ఊపిరాడదని. ఇప్పుడు మాత్రం కావాలనే పడుకున్నాడు. వీపు మీద చొక్కా పైకీ కిందికీ ఎగిరెగిరి పడుతోంది.

"మావా," అంది కాసులమ్మ. మొగుడి తలవైపు వంగింది కాని చెయ్యి వెయ్యలేదు. "కోపముంటే నీ కూతురు గుంట మీద సూపించు. నన్ను కొట్టు. నీ ఒంటిమీద సూపిత్తావేటి?"

"నాకు కోపమేటీ లేదు."

"మరెందుకు రానంటన్నావు?"

"ఎవులి కోసం రావాల? ఎందుకు బతకాల? అది సెప్పండి ముందు."

మంచం పక్కన నేల మీద నాలుగు మడతలు పడ్డ కాగితం ఉంది. నిన్న సాయంత్రం యామిని రఫ్ నోట్సులోంచి జారిపడి, ఆయన చేతికే దొరికిన కాలేజీ దరఖాస్తు. 'గ్రూపు' అన్నచోట ఎంపీసీ అని నీలం సిరాతో గుండ్రంగా రాసి ఉంది. పదో తరగతి ఫలితాలొచ్చిన రోజునుంచి ఊరందరికీ తన కూతురు బైపీసీ చదువుతుందని, డాక్టరవుతుందని చెప్పుకు తిరిగినవాడు చిన్నారావు. ఆ కాగితం ఎవరిచేతో చదివించుకున్నాక నిన్న సాయంత్రం నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఆయనకి మంచినీళ్ళు ముట్టకపోవడం పెద్ద శిక్ష కాదు. రోజుకి అరలీటరే తాగాలన్నారు డాక్టర్లు. శిక్షంతా ఇంట్లో మిగతావాళ్ళకే.

"నాన్నా," అంది యామిని. "ఆసుపత్రికెళ్ళి వచ్చాక మాట్లాడుకుందాం. ముందు లే."

"ఇప్పుడే సెప్పు. ఆ కాయితంలో ఏటి రాసినావో నీ నోటంట సెప్పు."

"చూశావు కదా."

"నాకు ఇంగిలీసు రాదు. నువ్వు సెప్పు."

"ఎంపీసీ."

"ఎవులు రాయమన్నారు? ఆ లెక్కల మేష్టారు ఫణిశంకరా?"

"ఆయనేటీ చెప్పలేదు నాన్నా. నాకే లెక్కలంటే ఇష్టం."

"ఇష్టం!" చిన్నారావు ఇటు తిరిగాడు. మొహం కూడా ఉబ్బింది. కళ్ళు రెండు గీతల్లా ఉన్నాయి. "ఈ ఇంట్లో ఎవులికి ఏది ఇష్టమో అదే జరుగుతందేటి? వారానికి మూడుసార్లు సెయ్యి సాపి సూదులు గుచ్చించుకోడం నాకు ఇష్టమేటి? మీ అమ్మకి ఆ జీడిపిక్కల జిగురులో సేతులు కాల్చుకోడం ఇష్టమేటి?"

బయట ఆటో ఇంజను ఒకసారి దగ్గి ఆగిపోయింది. బాబ్జీ ఆపేశాడు.

పొయ్యి దగ్గర్నుంచి బొడ్డమ్మ లేచి వచ్చింది. డెబ్భై దాటిన మనిషి. ఈ ఇంటి మగాళ్ళలో మొగుణ్ణీ, పెద్దకొడుకు ఢిల్లేశ్వరరావునీ ఈ జబ్బుకే ఇచ్చుకుంది. మిగిలినవాడు చిన్నారావే.

"ఒరే సిన్నా, పసిగుంటతో పంతమేట్రా? దానికి లెక్కలు వత్తే లెక్కలు సదువుకోనీ. సెట్టంత కొడుకుని ఒకణ్ణి మట్టిలో పెట్టినాను. ఇంకో గొయ్యి నా సేత తవ్వించకు."

"అందుకేనే అమ్మా!" లేచి కూర్చున్నాడు చిన్నారావు. ఆ ఒక్క ఊపుకే ఆయాసం వచ్చింది. మాట మధ్యలో ఆగి ఆగి వచ్చింది. "అన్నియ్య ఎలగ పోనాడు? మనకి తెలీక పోనాడు. కిడ్నీల కేంపోళ్ళు రగతం సూసి కాయితం ఇచ్చినారు. అందులో ఉన్నాది, జబ్బు ముదిరినాదని. మనకి సదవడం రాలేదు. ఏడాది పెట్లో పెట్టుకు కూకున్నాం. ఎందుకు కూకున్నాం? ఏటీ లేదని ధైర్యం సెప్పినారు కాబట్టి. ఎవులు సెప్పినారు? ఆవేళ ఆ కాయితం సదివింది ఇదే కదా!"

చెయ్యి యామిని వైపు చాపి ఉంది.

కాసులమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బొడ్డమ్మ కొడుకు వైపు చూసింది. మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళి, ఆరిపోయిన పొయ్యి ముందు కూర్చుంది.

చిన్నారావు చాపిన చెయ్యి మెల్లగా దించుకున్నాడు. తన నోట్లోంచి ఏం వచ్చిందో అప్పుడే ఆయనకీ వినబడినట్టుంది.

ఎనిమిదేళ్ళయింది. ఈ ఎనిమిదేళ్ళలో ఆ మాట ఎవరూ అనలేదు. యామినికి మరపు రాలేదు, అంతే.

అప్పుడు మూడో తరగతి. పెదనాన్న పెరట్లో పనసకాయ కోస్తున్నాడు. చేతికి నూనె రాసుకుని ఉండటంతో కాగితం ముట్టుకోకుండా, "అమ్మా సదువులమ్మా, అందులో ఏటుందో సూడు," అన్నాడు. ఇంగ్లీషు మాటలు యామినికి కూడా రాలేదు. అంకెలు వచ్చు. ఒకచోట నాలుగు, చుక్క, రెండు అని ఉంది. "నాలుగే పెదనాన్నా! నూటికి నాలుగే!" అంది. పెదనాన్న గట్టిగా నవ్వాడు. "అయితే పేసయిపోనాం," అన్నాడు. పెద్ద తొన ఒకటి తీసి ఆమె నోట్లో పెట్టాడు. ఆ పక్కనే చిన్న అక్షరాల్లో, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఒకటికి అటూ ఇటూగా ఉండాలని రాసి ఉంది. ఆ సంగతి ఆమె తర్వాత ఎప్పుడో ఆరో తరగతిలో, పెట్టె అడుగున ఆ కాగితం మళ్ళీ దొరికినప్పుడు చదువుకుంది. అప్పటికి పెదనాన్న పోయి రెండేళ్ళు.

యామిని వంగి దరఖాస్తు తీసింది. మడతలు విప్పింది. దాన్ని నిలువునా చింపింది. మళ్ళీ అడ్డంగా చింపింది.

"బైపీసీయే రాస్తాను," అంది. "కొత్త కాగితం తీసుకుంటాను. మధ్యాహ్నం కాలేజీకి వెళ్దాం. నువ్వే సంతకం పెట్టు. ఆటో ఎక్కు నాన్నా."

ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదని కాసులమ్మకి అనిపించింది.

*

ఆటో జీడితోటల మధ్య తారురోడ్డు పట్టింది. చిన్నారావు, నూకరత్నం వెనక సీట్లో. వాళ్ళకి ఎదురుగా చెక్క మీద యామిని, కాసులమ్మ. కాసులమ్మ పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. అందుకే భర్తతో ఆసుపత్రిలో ఉండేది ఏడాదిగా యామినియే. స్కూలున్న రోజుల్లో కూడా వారంలో రెండు రోజులు అక్కడే కూర్చుని చదువుకుంది.

"ఏటైతేనేటి, ఒప్పుకుంది కదా గుంట," అంది నూకరత్నం, వాకిట్లో కూర్చుని అంతా విన్నది కాబట్టి. "మన ఊర్నించి ఒక్క డాక్టరమ్మ రావాల. మా ఇంటాయన కూడా అనీవోడు, మనూరి మనిషైతే మన బాస మనకి సెప్తాదని. ఇక్కడి డాక్టర్లు మంచోళ్ళే. గానీ ఏటి సెప్పినా తల ఊపుతాను, నాకేటీ బోధపడదు."

చిన్నారావు బయటికి చూస్తూ తల ఊపాడు. గెలిచినవాడి మొహం కాదది.

ఫ్యాక్టరీ దగ్గర కాసులమ్మ దిగింది. దిగి, వెళ్ళిపోకుండా కూతురి మోకాలి మీద చెయ్యి వేసింది. జీడిపిక్కల జిగురుకి ఆమె వేళ్ళ కొసలు నల్లగా మాడి, గోళ్ళెక్కడో చర్మమెక్కడో తెలియకుండా ఉంటాయి. పెళ్ళిళ్ళకి వెళ్తే ఆ చేతులు కొంగులో దాచుకుంటుంది.

"నిజంగానే ఒప్పుకున్నావా? ఆటో ఎక్కించడానికి అన్నావా?" గుసగుసగా అడిగింది.

"ఎక్కాడు కదా అమ్మా."

"అది కాదు నానడిగింది."

"నీకు పని ఆలస్యమవుతోంది. వెళ్ళు."

కాసులమ్మ ఇంకేదో అనబోయింది. గేటు దగ్గర మేస్త్రీ పిలిచాడు. ఆ నల్లటి చెయ్యి కూతురి మోకాలి మీంచి తీసి గబగబా నడిచింది. ఒకసారి వెనక్కి తిరిగి చూసింది కాని, అప్పటికి ఆటో మలుపు తిరిగిపోయింది.

*

డయాలసిస్ గదిలో యామిని ఎప్పుడూ ఒకటే పని చేస్తుంది. అంకెలు చూస్తుంది.

గొట్టాల వైపు చూడదు. ఎర్రగా అటు వెళ్ళేదీ, ఇటు తిరిగొచ్చేదీ తన తండ్రి రక్తమని తెలుసు. మొదటిరోజు చూసి బయటికి పరిగెత్తి, వరండాలో వాంతి చేసుకుంది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. తర్వాత్తర్వాత మిషను మీద కనబడే అంకెలు పట్టుకుంది. గంటకి ఎంత నీరు తీస్తోంది, ఇంకా ఎంత మిగిలింది, ఎన్ని నిమిషాల్లో అయిపోతుంది అని మనసులో భాగించుకుంటూ కూర్చుంటుంది. లెక్కలో ఉన్నంతసేపూ ఆ గది వాసన రాదు. గంట మోగి మిషను ఆగినప్పుడు తన లెక్క నిమిషం తేడా లేకుండా సరిపోతే, ఎవరో తల నిమిరినట్టుండేది.

సూదులు గుచ్చేది టెక్నీషియన్ జయకృష్ణ. పాతికేళ్ళవాడు, సోంపేట వైపు మనిషి. పేషెంట్లందరినీ మావా, అప్పా అని వరసలు పెట్టి పిలుస్తాడు.

"మూడు కిలోల ఆరు వందలు పెరిగినావు మావా! ఏటి తాగేత్తన్నావు?" అన్నాడు తూకం చూసి.

"తాగలేదు బాబూ. కోపం మింగినాను," అన్నాడు చిన్నారావు. పొద్దున్నించి అదే మొదటి నవ్వు.

సూదులు పడ్డాయి. మిషను తిరగడం మొదలెట్టింది. అరగంటకి ఆయన ఊపిరి కాస్త కుదుటపడింది. మాటలు వచ్చాయి.

"జయకృష్ణా, మా యామిని బైపీసీలో సేరుతంది ఈయేడు."

"అలగా! మంచిది మావా. ఈ అమ్మాయికి మా మిషన్లన్నీ ముందే వచ్చు. నాకే తప్పులు దిద్దుతాది."

"ఇది కిడ్నీల డాక్టరు అవ్వాల. పెద్ద డాక్టరు. దానికి ఎన్నేళ్ళు సదవాల బాబూ?"

జయకృష్ణ పక్క కుర్చీలో నూకరత్నానికి బీపీ చూస్తూ, ఇటు తిరక్కుండానే హుషారుగా లెక్క మొదలెట్టాడు.

"ఇంటరు రెండేళ్ళా. నీటుకి ఒక ఏడాది కోచింగు వేసుకో, మొదటిసారే రేంకు రావాలంటే కష్టం. తర్వాత ఎంబీబీయెస్, హౌస్ సర్జనుతో కలిపి అయిదున్నర. అక్కడితో మామూలు డాక్టరు. కిడ్నీలకంటే ఇంకా ఉన్నాది. ఎండీ మూడేళ్ళు. అదయ్యాక కిడ్నీల చదువు మళ్ళీ మూడు..."

అప్పుడు ఇటు తిరిగాడు. కుర్చీలో ఉన్న మనిషినీ, ఆ మనిషి మొహాన్నీ చూశాడు. నోరు మూసుకున్నాడు.

"అంటే, అన్నీ అలగే అవ్వాలనేటీ లేదు మావా," అన్నాడు. "రూల్సు మారిపోతంటాయి." బీపీ పట్టీ చుట్టచుట్టి, అవసరం లేకపోయినా గది చివరికి వెళ్ళిపోయాడు.

గదిలో ఆరు మిషన్లు తిరుగుతున్న చప్పుడు. నూకరత్నం కళ్ళు మూసుకుంది. నిద్రపోలేదు.

"యామినీ," అన్నాడు చిన్నారావు.

"ఊఁ."

"మొత్తం ఎన్నయ్యాయి?"

"జయకృష్ణన్నకి సరిగ్గా తెలీదు నాన్నా. ఏదో నోటికొచ్చింది చెప్పాడు."

"అతను సెప్పినవే కలుపు. కూడికే కదా. నూటికి తొంభయ్యెనిమిది తెచ్చుకున్నావు."

యామినికి కలపక్కర్లేదు. జయకృష్ణ చెబుతూ ఉండగానే అంకెలు వాటంతటవే ఒకదాని పక్కన ఒకటి చేరిపోయాయి. తొమ్మిదని చెబితే సరిపోతుంది. పదని చెప్పొచ్చు. నాన్న మళ్ళీ లెక్కపెట్టుకోడు, నమ్ముతాడు. ఆ రోజు పెదనాన్న నమ్మినట్టే నమ్ముతాడు.

"పద్నాలుగున్నర," అంది.

చిన్నారావు పైకప్పు వైపు చూశాడు. పెదవులు కదిలాయి. వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టుకుంటున్నాడని తెలిసింది. సూదులున్న చెయ్యి కదపకూడదు కాబట్టి ఒక్క చేతి వేళ్ళే మడిచాడు. అయిదు దాకా మడిచి ఆపేశాడు.

"నాను అయిదారేళ్ళనుకున్నాను," అన్నాడు. "ఆరేళ్ళయితే ఎలగో నెట్టుకొత్తాను అనుకున్నాను. నువ్వు తెల్ల కోటు తొడుక్కుని ఈ గదిలోకి రావాల, ఈ జయకృష్ణ లేచి నిలబడాల. అది సూసి పోవాలని."

"నాన్నా, నువ్వుంటావు."

"సూదులు గుచ్చిన సెయ్యి మీద అబద్ధమాడకే."

అంతే. తర్వాత మూడు గంటలూ కళ్ళు మూసుకునే ఉన్నాడు. కళ్ళ చివర్నించి నీరు జారి చెవిలోకి పోతోంది. యామిని తుడవడానికి లేచింది. మళ్ళీ కూర్చుండిపోయింది. తుడిస్తే తను చూసినట్టు ఆయనకి తెలిసిపోతుంది.

ఆవేళ ఆమె మిషను అంకెలు చూడలేదు. గంట ఎప్పుడు మోగిందో కూడా తెలియలేదు.

*

కాశీబుగ్గలో కాలేజీ వరండా అంతా పిల్లలూ, తల్లిదండ్రులూ. బాబ్జీ ఆటోని రోడ్డవతల నీడలో పెట్టాడు. నూకరత్నం అందులోనే పడుకుంది.

డయాలసిస్ అయిన రోజు చిన్నారావు తిన్నగా ఇంటికెళ్ళి పడుకునేవాడు. ఇవాళ వద్దంటే వినలేదు. "నాను వత్తానన్నాను కదా," అన్నాడు. మోచేతి మడత దగ్గర కట్టుకట్టిన చెయ్యి గుండెకి ఆనించుకుని, రెండో చెయ్యి కూతురి భుజం మీద వేసి మెట్లెక్కాడు.

లైనులో వాళ్ళ ముందు ఒక తల్లీ కొడుకూ ఉన్నారు. "సీఈసీ అంటే ఏ ఉద్యోగాలొస్తాయండీ?" అని అడుగుతోంది తల్లి. "ఏదైనా వస్తుందమ్మా, చదివితే," అంటున్నాడు లెక్చరరు విసుగ్గా. పొద్దున్నించి అదే ప్రశ్నకి అదే జవాబు చెప్పి చెప్పి ఆయన గొంతు జీరబోయింది.

వీళ్ళ వంతు వచ్చింది. లెక్చరరు యామిని మార్కుల మెమో చూశాడు. తల ఎత్తాడు.

"లెక్కల్లో తొంభై ఎనిమిదా! సైన్సులో కూడా తొంభై ఒకటి. ఏ గ్రూపమ్మా?"

"బైపీసీ," అంది యామిని.

"ఎంపీసీ," అన్నాడు చిన్నారావు.

రెండు మాటలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. తండ్రీ కూతుళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు.

"ఏదండీ?"

"ఎంపీసీ రాయండి బాబూ. దానికి లెక్కలంటే ఇష్టం."

"కాదు సార్, బైపీసీయే. పొద్దున్నే అనుకున్నాం."

"పొద్దున్న మాట పొద్దున్నే. నాను తండ్రిని, సెప్తన్నాను. ఎంపీసీ."

"నాన్నా, నేను చదువుతానంటున్నాను కదా! ఎన్నేళ్ళయినా చదువుతాను."

"ఎవులి కోసం సదువుతావు?"

వెనక లైనులో ఎవరో నవ్వారు. ఇంకెవరో ఊరుకోమన్నారు. లెక్చరరు పెన్ను కింద పెట్టాడు. ఆయనకి కోపం రాలేదు. చిన్నారావు చేతి కట్టు మీద ఎర్రగా ఊరుతున్న చుక్క చూశాడు. ఈ ప్రాంతంలో ఆ కట్టు ఎందుకుంటుందో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

"చూడండి," అన్నాడు మెత్తగా. "రెండేళ్ళ చదువు. మధ్యలో మారతానంటే ఏడాది పోతుంది. పేరెంట్ ఒకటి, పిల్ల ఒకటి చెబితే నేను దేన్ని రాసుకోవాలి? ఈ ఫారం తీసుకెళ్ళండి. ఇంటి దగ్గర కూర్చుని తేల్చుకోండి. రేపు సాయంత్రం అయిదింటికి ఆఖరు."

ఖాళీ ఫారం యామిని చేతిలో పెట్టి, "తర్వాత ఎవరు?" అని పిలిచాడు.

*

వరండా చివర సిమెంటు అరుగు మీద కూర్చున్నారు. యామిని సీసాలోంచి మూతెడు నీళ్ళు పోసి ఇచ్చింది. చిన్నారావు నాలిక తడుపుకుని మూత తిరిగి ఇచ్చేశాడు. లోపల ఎక్కడో బల్లలు లాగుతున్న చప్పుడు.

"పొద్దున్న నానన్న మాట," అన్నాడు చిన్నారావు. ఆగాడు. "అన్నియ్య కాయితం సంగతి."

"అది నిజమే కదా."

"నిజం కాదు. పక్కన నిలబడిన పెద్దోళ్ళం నలుగురం. ఎనిమిదేళ్ళ గుంట నాలుగే అంటే, అమ్మయ్య అనుకున్నాం. మాకు అలగ అనుకోవాలని ఉన్నాది, అనుకున్నాం. ఇంకొకరికి సూపించాలని ఎవులికీ తోచలేదు. తప్పెవులిదో నాకు ఆవేళే తెలుసు. అయినా పొద్దున్న నీ మీదికి తోసినాను."

యామిని తల వంచుకుంది. ఆ మాట కోసం ఎనిమిదేళ్ళు ఎదురుచూసింది. వచ్చాక, లోపల బరువేమీ దిగలేదు. పొద్దున్న చాపిన చెయ్యి ఇంకా కళ్ళముందు అలాగే ఉంది.

"ఆ కాయితం ఇలాగియ్యి," అన్నాడు.

ఫారం మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. పెన్ను అడిగాడు. సంతకం చేయాల్సిన చోటు యామిని వేలితో చూపించింది. డయాలసిస్ అయ్యాక ఆయన చెయ్యి వణుకుతుంది. ఒక్కో అక్షరం విడివిడిగా, చిన్నపిల్లాడు దిద్దినట్టు తన పేరు రాశాడు. 'రావు' దగ్గరికి వచ్చేసరికి గీత దాటి కిందికి దిగిపోయింది.

పైన అన్ని గళ్ళూ ఖాళీగా ఉన్నాయి.

"మిగతాది నువ్వే రాసుకో. ఏటి రాసినావో నాకు సూపించక్కర్లేదు. మీ అమ్మకీ సెప్పక్కర్లేదు. నీకు ఏది వత్తే అది."

"నువ్వే చెప్పు నాన్నా. ఏది చెబితే అది రాస్తాను. ఒట్టు."

"అదే వద్దంటన్నాను." ఫారం ఆమె ఒళ్ళో పెట్టాడు. "గానీ ఒకటి అడుగుతాను. కోపం లేదు, నిజంగా తెలుసుకుందామని అడుగుతన్నాను. ఏడాదిగా నా పక్కన కూకుంటన్నావు. ఒక్కనాడు కూడా నా సేతివైపు సూడలేదు. ఆ డబ్బా మీద అంకెలే సూత్తావు. నాకు తెలుసు, నాను పడుకుని నిన్నే సూత్తంటాను కదా."

యామిని ఒళ్ళోని ఫారం మడత పెట్టబోయి ఆగింది.

"సెప్పమ్మా. నువ్వు లెక్కల కాడికి ఎల్తన్నావా? నా కాడ్నించి ఎల్లిపోతన్నావా?"

యామిని నోరు తెరిచింది. లెక్కలే నాన్నా, అనాలనుకుంది. చిక్కుముడి లాంటి లెక్క చివరి మెట్టు దగ్గర ఒక్కసారిగా విడిపోయినప్పుడు తనకి కలిగే సంతోషం గురించి చెప్పాలనుకుంది. అది అబద్ధం కాదు. కాని ఆ సంతోషం తనకి ఎక్కువసార్లు ఎక్కడ దొరికిందో గుర్తొచ్చింది. మిషను పక్కన, ఆ ఎర్ర గొట్టాల నుంచి మొహం తిప్పుకున్నప్పుడు. ఏది ఎక్కడ ఆగి, ఏది ఎక్కడ మొదలవుతుందో ఆమె ఇంతవరకూ ఎప్పుడూ విడదీసి చూసుకోలేదు.

చిన్నారావు ఎదురుచూశాడు. ఆయన మొహంలో నింద లేదు. అదే ఆమెకి భరించశక్యం కాలేదు.

"నాన్నా..." అంది.

"సరేలే," అన్నాడు. "రేపు అయిదింటిదాకా టైముంది."

లేచాడు. యామిని అలవాటుగా భుజం ఆనించింది. ఆయన ఆమె భుజం పట్టుకోలేదు. గోడ పట్టుకుని, ఒక్కొక్క మెట్టూ ఆగి ఆగి దిగాడు. రోడ్డు మీద లారీ పోయేదాకా నిలబడి, ఒక్కడే ఆటో వైపు నడిచాడు.

యామిని ఫారం పట్టుకుని మెట్ల మీదే ఉండిపోయింది. వెంట వెళ్ళాలో, ఆయన్ని ఒక్కణ్ణీ నడవనివ్వాలో తెలియలేదు.